సన్న పుస్తకం, ఇనప త్రాసు

ఈ కథలో ఏది ముందు జరిగిందో, ఏది వెనక జరిగిందో, నేను ఒకటి రెండు చోట్ల తారుమారు చేసి ఉండొచ్చు. ఈమధ్య నాకు నెలలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. అయినా జరిగినవి జరిగినవే. ఎవరు ఎవరిమీద కోప్పడ్డారో మాత్రం బాగా గుర్తుంది.

మలేషియాలోని క్లాంగ్‌లో చీరల కొట్లూ పూల కొట్లూ దాటి రైలు స్టేషను వైపు నడిస్తే, ఒక సందులో బంగారయ్య పాత పుస్తకాల కొట్టు ఉంటుంది. బంగారయ్యకి డెబ్బై నాలుగేళ్ళు. రోజూ ఎనిమిదిన్నరకి షట్టరు ఎత్తి, వరండా ఊడ్చి, పక్క కొట్లో ఒక తే తారిక్ తెచ్చుకుంటాడు. ఆ టీ మీద నురగ తగ్గేలోపు పుస్తకాల దుమ్ము దులుపుతాడు. ఆఖర్న బల్ల కింద నుంచి ఇనప త్రాసు తీసి దూలానికి వేలాడదీస్తాడు. గుండ్రటి ముఖం, ఒకటే ముల్లు, కింద కొక్కెం.

ఆ త్రాసు సుంగై సుమున్ దగ్గర ఒక రబ్బరు తోటది. చెట్లు గీసి పాలు పట్టిన ఆడవాళ్ళు మధ్యాహ్నం బకెట్లతో వరసలో నిలబడేవాళ్ళు. కిరాణి, అంటే తోట గుమాస్తా, బకెట్టుని ఆ కొక్కేనికి తగిలించేవాడు. ముల్లు ఇరవై పౌన్లు చూపిస్తే పుస్తకంలో పదిహేడు రాసేవాడు. ఎవరైనా నోరెత్తితే మర్నాడు పదహారు. తోట మూసేసినప్పుడు పాత సామాన్లతో పాటు త్రాసు బంగారయ్య చేతికి వచ్చింది. అప్పటికే అది సామాన్ల బరువు చూపించడం మానేసింది. బియ్యం మూట తగిలించినా ముల్లు కదలదు. కాగితం మీద రాసిన అబద్ధం తగిలిస్తేనే కదులుతుంది. ఎంత అబద్ధమైతే అంత బరువు. దీనికి ఎవరూ ఆశ్చర్యపోలేదు. అన్నేళ్ళు దాని ముందు కూర్చుని రాసిందంతా అబద్ధమే కాబట్టి దానికి ఆ బరువు ఒక్కటే అలవాటైందనుకున్నారు. వీధిలోవాళ్ళు పెళ్ళి జాతకాలు, అద్దె కాగితాలు, మందుల కరపత్రాలు పట్టుకొచ్చి తూయించుకుని పోతారు. కథల పుస్తకాలకి మాత్రం ముల్లు కదలదు. కథలమని అవి అట్టమీదే ఒప్పుకుంటాయి కదా.

ఒక శనివారం పొద్దున్న సుగంధి ఆ కొట్లోకి వచ్చింది. వస్తూ వస్తూ గుమ్మం దగ్గరున్న కేలెండర్ల దొంతిని మోకాలితో పడేసి, ఎత్తకుండానే లోపలికి నడిచింది. సుగంధికి ముప్పై ఎనిమిదేళ్ళు. గ్లవుజుల ఫ్యాక్టరీలో పని. ఆపరేషన్లు చేసే డాక్టర్లు తొడుక్కునే గ్లవుజుల్లో గాలి నింపి, చిల్లు ఉందో లేదో చూస్తుంది. పెళ్ళి చేసుకోలేదు, తల్లి రాసమ్మతో ఫ్లాట్‌లో ఉంటుంది.

"మావా, టారో కార్డులు సదవడం నేర్పే పుస్తకం కావాల. అప్పుడే మొదలెట్టినోళ్ళకి పనికొచ్చేది. పన్నెండు రోజుల్లో నేర్చుకోవాల."

"వంటలు నేర్పే పుస్తకాలైతే బోలెడున్నాయి. మీ అమ్మ మెచ్చుకుంటాది."

"ఏళాకోళం ఆడకు మావా. ఇయ్యేల నాకు ఎవరినైనా కొట్టాలనున్నాది."

"అయితే కూకో. ముందు టీ తాగు, తరవాత కొట్టు."

సుగంధి కూర్చోలేదు. నిలబడే చెప్పింది. రాసమ్మ రొమ్ములో గడ్డ ఉంది. పెద్దాసుపత్రిలో చూసి, కోసి తీసేస్తే నయమైపోతుందన్నారు, తేదీ ఇచ్చారు. రాసమ్మ ఆ తేదీకి వెళ్ళలేదు. షాపింగ్ కాంప్లెక్సు మూడో అంతస్తులో ఊదారంగు గుడ్డ పరుచుకుని టారో కార్డులతో జోస్యం చెప్పే మేడమ్ విజయరాణి దగ్గరికి వెళ్ళింది. ఆ మేడమ్ ఒక కార్డు తీసి, చూసి, గబుక్కున బోర్లా పెట్టేసి, "అమ్మా, పదమూడో కార్డు వచ్చింది, మృత్యువు. ఒంటికి కత్తి తగలకూడదు" అంది. ఇంటికి వచ్చాక అదే మాట ఫోనులో రాసి కూడా పంపింది. ఆసుపత్రివాళ్ళు ఇంకో తేదీ ఇచ్చారు. పన్నెండు రోజుల్లో, గురువారం. ఈసారి కూడా రాకపోతే లోపల అది ఎక్కడిదాకా పాకుతుందో చెప్పలేమంది డాక్టరు.

"ఆ రాసింది పట్రాలేదేటి? తూసి సూపిద్దుము."

"పోయిన వారం నువ్వు రైల్లో ఎక్కడికో ఎల్లినప్పుడు, దాన్ని కాగితం మీద ప్రింటు తీయించి, ఒచ్చి తూసినాను. పక్క కొట్టాయన తాళం తీసినాడు. ముల్లు గిర్రున తిరిగింది. ఫొటో తీసి అమ్మకి సూపించినాను. ఏటన్నాదో తెలుసా? ఆ త్రాసు ఇరవై ఏళ్ళు నా పాలు దొంగిలించింది, దాని సాక్ష్యం నాకొద్దు అన్నాది. నీకు కార్డులు సదవడం ఒచ్చేటి, రానప్పుడు నోరు ముయ్యి అన్నాది."

"అందుకని నేర్చుకుంటావు."

"నేర్చుకుంటాను. ఆ మేడమ్ కంటే బాగా నేర్చుకుంటాను. డాక్టరు మాట ఇనదు, నా మాట ఇనదు, అట్టముక్కల మాట ఇంటాదంట! సరే, అట్టముక్కలతోనే సెప్పిస్తాను."

బంగారయ్య వెనక అరలోంచి నాలుగు పుస్తకాలు తెచ్చాడు. అన్నీ ఇంగ్లీషువే. ఎవరెవరో ఇళ్ళు మారుతూ అమ్ముకున్నవి.

మొదటిది ఇటుకంత లావు. డెబ్బై ఎనిమిది కార్డులకీ ఒక్కోదానికి నాలుగేసి పేజీల అర్థాలు. సుగంధికి అది చూడగానే నచ్చింది. కొక్కేనికి తగిలిస్తే ముల్లు పద్నాలుగు దాటింది.

"ఈ కార్డొస్తే ఇదే అవుతాదని ప్రతి పేజీలోనూ ఒట్టేసి రాసినాడు. ఇది బట్టీ పట్టినావంటే నువ్వూ మేడమ్ అయిపోతావు" అన్నాడు బంగారయ్య.

రెండోది పెట్టెలో ఉంది, కార్డులతో సహా. రెండు రోజుల్లో నేర్చుకోండి అని పైన బంగారు అక్షరాలు. పెట్టె తెరవకుండానే తగిలించారు. తొమ్మిది.

"అట్టకే తొమ్మిదా!"

"అట్ట మీదే ఎక్కువ ఆడతారే. లోపల కార్డులు మటుకు బాగున్నాయి, బొమ్మలు తేటగా ఉన్నాయి. అయి తీసుకో, పుస్తకం నాకొగ్గీ."

మూడోదాంట్లో కార్డులు ఈజిప్టు పూజారుల రహస్యమని యాభై పేజీలు. ముల్లు పదకొండు దగ్గర ఊగింది. ఇటలీలో దొరబాబులు ఆడుకున్న పేకలోంచి పుట్టినవి ఇవి, ఇందులో పూజారి ఎక్కడున్నాడని బంగారయ్య ఆ పుస్తకాన్ని బల్ల కిందికి తోసేశాడు.

నాలుగోది సన్నగా ఉంది. అట్ట సగం చిరిగింది, లోపల ఎవరో పెన్సిలుతో గీతలు గీశారు. సుగంధి దాన్ని రెండు వేళ్ళతో ఎత్తింది.

"ఇది నాకెందుకు? ఇందులో అర్థాలే నేవు!"

తగిలించారు. ముల్లు ఒక్క గీత కదిలి ఆగింది.

"ఆ గీత ఏటి?"

బంగారయ్య మొదటి పేజీ తిప్పి చూశాడు. "ముందుమాటలో పెళ్ళాం ఎంతో ఓపిగ్గా సహకరించిందని రాసినాడు. మిగతాదంతా నిజమే."

సుగంధికి ఆ రోజు మొత్తం మీద మొదటిసారి నవ్వొచ్చింది. వెంటనే నవ్వొచ్చినందుకు కోపమొచ్చింది. కార్డుల పెట్టే, ఆ సన్న పుస్తకమూ సంచిలో పడేసుకుని వెళ్ళిపోయింది. పడేసిన కేలెండర్లు అప్పుడు ఎత్తింది.

సన్న పుస్తకం చెప్పే పద్ధతి తేలికైందే కానీ విసిగిస్తుంది. రోజుకి ఒకటే కార్డు. అర్థం వెతక్కుండా ముందు బొమ్మ చూడాలి. ఎవరున్నారు, చేతిలో ఏముంది, ఎటు చూస్తున్నారు అని నోటుబుక్కులో సొంత మాటల్లో రాసుకోవాలి. ఇంకొకరికి చదివేటప్పుడు మనకి కనబడింది చెప్పేముందు వాళ్ళకి ఏం కనబడుతోందో అడగాలి. రోగం సంగతి అడిగితే డాక్టరు దగ్గరికి పంపాలి తప్ప కార్డు తీయకూడదు. ఈ చివరి మాట చదివినప్పుడు సుగంధి ఫ్యాక్టరీ బస్సులో పుస్తకాన్ని ముందు సీటుకేసి కొట్టింది. పక్కనున్న పునిత అనే పిల్ల ఉలిక్కిపడి లేచి వెనక సీటుకి పోయింది.

ఇంట్లో రాసమ్మ అంతా చూస్తూనే ఉంది.

"ఏమే, ఇయ్యేల ఏ బొమ్మ? రాజా, రాణీ?"

"కళ్ళకి గంతలు కట్టుకుని రెండు కత్తులు పట్టుకు కూకున్న ఆడది. అచ్చం నీలాగే ఉన్నాది."

"నాకు కత్తులొద్దు అంటన్నాను కదే! అక్కడా కత్తులేనా!"

ఇద్దరూ అన్నం తినే దగ్గర అరుచుకునేవాళ్ళు, బట్టలు ఆరేసే దగ్గర అరుచుకునేవాళ్ళు. సుగంధి రోజూ వేలకొద్దీ గ్లవుజులు పరీక్ష చేసి పంపిస్తుంది. అవి తొడుక్కుని డాక్టర్లు ఎవరెవరి తల్లులకో ఆపరేషన్లు చేస్తారు. తన తల్లి మాత్రం వెళ్ళదు. ఆ కోపంలో ఒకరోజు ఆమె చేతిలో మంచి గ్లవుజులు నాలుగు చిరిగాయి.

ఆదివారం వచ్చేసరికి గురువారానికి ఇంకా నాలుగే రోజులున్నాయి. ఇక పద్ధతి ప్రకారం నేర్చుకుంటూ కూర్చుంటే తల్లి మిగలదని సుగంధి నిశ్చయించుకుంది. పేకలో మూడు మంచి కార్డులు ఏరింది. సూర్యుడు, నక్షత్రం, బలం. వాటిని పైన అమర్చుకుంది. వాటికి ఏం చెప్పాలో నోటుబుక్కులో ముందే రాసుకుని రెండుసార్లు చదువుకుంది. తర్వాత తల్లిని పిలిచి చాప మీద కూర్చోబెట్టి, కలిపినట్టు నటించి, మూడు కార్డులూ పరిచింది.

"సూసినావా అమ్మా, సూర్యుడు! కత్తి తగిలినా ఏటీ అవదు, దేవుడే దగ్గరుండి సేయిస్తాడంట. కార్డులే ఎల్లమంటన్నాయి."

రాసమ్మ మూడు కార్డుల్నీ చూసింది. కూతురి మొహం చూసింది.

"మూడూ మంచివేనా?"

"మూడూ మంచివే."

"నా బతుకులో మూడూ మంచివి ఎప్పుడొచ్చినాయే? ఒకటైనా సెడ్డది పెట్టుంటే నమ్ముదును." రాసమ్మ గొంతు పెరిగింది. "ఏరి పెట్టినావు! ఇంత సేసి పెంచితే నాకే తక్కువ తూస్తావా, కిరాణీలాగ?"

ఆ మాటకి సుగంధి లేచి నిలబడింది. "అవును, ఏరినాను! అబద్ధమాడినాను! నువ్వు బతకాలని ఆడినాను! పద, త్రాసు దగ్గరికి పద, నా అబద్ధం ఎంతో, నీ మేడమ్ అబద్ధం ఎంతో తూయించుకుందుము!"

"పదవే! నీది ఎంతో నా కళ్ళతో సూసి మరీ సస్తాను!"

అలా, త్రాసు మొహం చూడనని పదేళ్ళుగా ఆ సందులోకే రాని రాసమ్మ, ఇంట్లో కట్టుకున్న చీరతోనే ట్యాక్సీ ఎక్కి వచ్చింది. దార్లో తల్లీ కూతుళ్ళు చెరో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

బంగారయ్య వాళ్ళ మొహాలు చూసి రెండు కుర్చీలు దూరదూరంగా వేశాడు. రాసమ్మ కూర్చోకుండా నేరుగా త్రాసు ముందు నిలబడింది. ఒకప్పుడు అదే ఎత్తులో, అదే ముల్లుకి ఎదురుగా రోజూ నిలబడిన మనిషి.

"బతికే ఉన్నావేటి" అంది దానితో.

సుగంధి నోటుబుక్కు తగిలించింది. కల్పించి రాసుకున్న ఆ పేజీ బరువుకి ముల్లు పందొమ్మిదికి పోయింది. దాన్ని తీసి, మేడమ్ రాసిన మాటలున్న కాగితం తగిలించింది. పందొమ్మిది.

"సూసినావా!" అంది రాసమ్మ. ఆ గొంతులో గెలుపు లేదు.

సుగంధి బంగారయ్య వైపు తిరిగింది. కళ్ళల్లో నీళ్ళు, పళ్ళు బిగబట్టి ఉంది. "ఇదేటి మావా? ఆమె అబద్ధం మా అమ్మని సంపుతాది. నాది బతికిస్తాది. రెండూ ఒకటే బరువేటి? ఇదేం నాయం?"

"దానికి నాయం తెలీదు, అమ్మీ. బరువే తెలుసు. ఆ కిరాణికీ ఇంట్లో ఆరుగురు పిల్లలు. ఆళ్ళ కోసమే రాస్తన్నాననుకునేవోడు."

తర్వాత సుగంధి పేక తీసి, ఈసారి నిజంగా కలిపింది. ఆ విసురుకి రెండు కార్డులు కింద పడ్డాయి. ఏరుకుని మళ్ళీ కలిపి తల్లి ముందు పెట్టింది.

"నువ్వే తియ్యి. నేను ముట్టను. ఏదొస్తే అదే."

రాసమ్మ మధ్యలోంచి ఒకటి లాగి తిప్పింది. పదమూడోది. సుగంధి ఒక చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు కాదు, తిట్టు వస్తుందని.

రాసమ్మ మాత్రం కార్డుని వెలుతురుకి ఎత్తి చూస్తోంది. మేడమ్ దగ్గర ఆమెకి బొమ్మ చూపించలేదు, పేరే చెప్పింది. ఇప్పుడే చూడడం.

"ఇదా మృత్యువు?"

"అదే. పుస్తకం ఏటంటాదంటే, నీకేటి కనబడతాదో ముందు నిన్నే అడగమంటాది." సుగంధి గొంతు ఇంకా కటువుగానే ఉంది. "సెప్పు. ఏటి కనబడతాది?"

"గుర్రం. తెల్ల గుర్రం. మన మునియాండి సామి గుర్రంలాగున్నాది, తోట ఎల్లలో ఉండేది, మట్టిది." రాసమ్మ బొటనవేలితో గుర్రం మెడ తడిమింది. "దీని మీదోడెవడో మాడిపోయి ఉన్నాడు, ఆణ్ణి ఒగ్గీ. గుర్రం మటుకు అదే."

రాసమ్మ కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాపితే బంగారయ్య జరిపాడు. కూర్చుని చెప్పింది. తనకి పంతొమ్మిదేళ్ళప్పుడు చెల్లెలు సీతకి కడుపులో నొప్పి వచ్చింది. తోట లారీలో ఆసుపత్రికి ఎక్కించారు. రాసమ్మ లారీ వెనక పరిగెత్తి, ఎల్లలో ఆ మట్టి గుర్రం దగ్గర ఆగిపోయింది. దాన్ని దాటి వెళ్తే ఆ పూట పని పోతుందని కిరాణి కేకేశాడు. కడుపు కోశారట. మర్నాడు అదే లారీలో సీతని చాపలో చుట్టి తెచ్చారు.

"దాని కూడా నేను ఎల్లనేదు. గుర్రం దగ్గరే నిలబడిపోనాను. ఇప్పుడు నేను ఎల్తే నన్నూ సాపలోనే తెస్తారు."

సుగంధికి ఈ సంగతి ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు. తల్లికి ఒక చెల్లెలుండేదని కూడా తెలియదు. బంగారయ్యకి తెలుసు. అతను అదే తోటవాడు. గోడ మీద కేలెండరు నుంచి అయిపోయిన నెల చింపి, రాసమ్మ చేతికి పెన్ను ఇచ్చాడు.

"రాయి రాసమ్మా. నువ్వు మేడమ్ దగ్గరికి ఎందుకెల్లినావో రాయి."

రాసమ్మ తోట బడిలో మూడో తరగతి దాకా తెలుగు చదువుకుంది. సుగంధి చదివింది తమిళ బడిలో, ఆమెకి తెలుగు అక్షరాలు రావు. కాగితం మీద గుండ్రటి అక్షరాలు ఒకదాని వెనక ఒకటి రావడం చూస్తూ నిలబడింది, ఏం రాస్తోందో తెలియకుండా.

మొదట రాసమ్మ రాసింది ఇది: కార్డులు వద్దన్నాయి కాబట్టి నేను ఆసుపత్రికి వెళ్ళను. కాగితం చింపి తగిలించింది. ముల్లు కిందికి దూకింది. దూలం కిర్రుమంది.

ఆమె త్రాసుని తిట్టింది. తోటలో ఆడవాళ్ళు వరసలో నిలబడి నోటి లోపలే తిట్టుకునే తిట్టు అది. ఇప్పుడు పైకే తిట్టింది. మిగిలిన కాగితం మీద మళ్ళీ రాసింది. సీతలాగ చచ్చిపోతానని నాకు భయం. వద్దని ఎవరైనా చెప్తారని వెతుక్కుంటూ వెళ్ళాను.

తగిలించింది. ముగ్గురూ చూశారు. ముల్లు సున్నా మీద అలాగే ఉంది. ఊగనైనా ఊగలేదు.

"ఏటి రాసింది మావా?" అని సుగంధి మెల్లిగా అడిగింది. బంగారయ్య రెండూ చదివి చెప్పాడు.

రాసమ్మ లేచి త్రాసు మొహం మీద అరచేత్తో ఒక్క చరుపు చరిచింది. "ఇరవై ఏళ్ళు నా బకెట్టు సరిగ్గా తూయనేదు దొంగముండా. ఇయ్యేల తూసినావు." కొక్కెం మీది కాగితం తీసి నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుంది. కూతురి వైపు తిరిగి, అదే కోపంతో, "గురువారం ఎన్ని గంటలకే?" అంది.

"ఏడున్నరకి."

"నువ్వు లోపలి దాకా రావాల. ఎవడు కేకేసినా ఆగకూడదు. ఆగినావంటే సంపేస్తాను."

గురువారం సుగంధి సెలవు అడిగితే సూపర్‌వైజరు ఒప్పుకోలేదు. ఆమె అడగడం మానేసి వెళ్ళిపోయింది. ఆసుపత్రిలో తెల్ల తలుపుల దగ్గర ఇక్కడితో ఆగిపొమ్మని నర్సు అంది. సుగంధి ఆగలేదు. చివరికి డాక్టరే బయటికొచ్చి, మత్తు ఎక్కేదాకా చెయ్యి పట్టుకోనిచ్చింది. ఆ డాక్టరు తొడుక్కున్న గ్లవుజుల్ని సుగంధి అలవాటు కొద్దీ వేలి చివర్ల దాకా చూసుకుంది. చిల్లు లేదు.

గడ్డ ఇంకా పాకలేదట. పాకేలోపే తీశారు.

కుట్లు విప్పిన వారానికి రాసమ్మ సుగంధిని వెంటబెట్టుకుని షాపింగ్ కాంప్లెక్సు మూడో అంతస్తుకి వెళ్ళింది. ఊదారంగు గుడ్డ ముందు ఎవరో ఒక పెద్దావిడ భయంభయంగా కూర్చుని ఉంది. మేడమ్ విజయరాణి ఒక కార్డు తీసి, చూసి, బోర్లా పెట్టబోయింది. రాసమ్మ వంగి ఆ చెయ్యి పట్టుకుంది.

"ఆమె కార్డు ఆమెకి సూపించు" అంది. "బొమ్మ సూడనీ ముందు. పేరు తరవాత సెప్పుదువు గాని."

ఆ పెద్దావిడ కార్డు అందుకుని కళ్ళజోడు పెట్టుకుంది. రాసమ్మ అక్కడే నిలబడింది, ఆవిడ చూడ్డం అయ్యేదాకా.

శర్మిళా, మీ అమ్మదీ ఆ తోటే కాబట్టి ఇది ఆమెకి చదివి వినిపించి పేర్లు సరిచూడు. మేడమ్ పేరు తప్పైనా నాకు బెంగ లేదు. బంగారయ్య, రాసమ్మ, ఈ రెండూ ఖాయం. లారీ ఎక్కిన పిల్ల పేరు మాత్రం గట్టిగా అడుగు. సీత అని రాశాను. శాంత అయి ఉండొచ్చని రాత్రి నుంచీ అనుమానంగా ఉంది. ఆ పిల్లని ఎరిగినవాళ్ళు ఇంక కొద్దిమందిమే ఉన్నాం, నేను మర్చిపోయేలోపు అడుగు.